ఒక్కరే ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతున్నారా? మధ్యలో చతికిలపడకుండా నడుపుకోవడం ఎలా

ఇంట్లో ఒక గది, ఒక ఫోన్, బీరువాలో నలభై యాభై చీరలు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, వాట్సాప్‌లో ఒక గ్రూపు. మన దగ్గర చాలామంది ఆన్‌లైన్ వ్యాపారం మొదలుపెట్టేది ఇలాగే. మొదటి నెల చుట్టాలు కొంటారు, రెండో నెల వాళ్ళకి తెలిసినవాళ్ళు కొంటారు, మూడో నెలకి ఫోన్ మోగదు. నేను మంగళగిరి కాటన్ చీరలు అమ్ముతాను, ఈ లైన్లోకి వచ్చి వెళ్ళిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళలో బద్ధకస్తులు తక్కువ. రాత్రి పన్నెండింటి దాకా ప్యాకింగ్ చేసినవాళ్ళే ఒకరోజు పేజీ ఆపేశారు. ఎందుకంటే ఆ రోజు ఎన్ని ఆర్డర్లు వచ్చాయన్నది తమకి పడ్డ మార్కుల్లా చూసుకున్నారు. నాలుగు వస్తే పండగ, సున్నా వస్తే "నా వల్ల కాదు". ఆఫీసులో అయితే పక్క సీటు వాళ్ళు "ఈ నెల అందరికీ డల్లేలే" అంటారు, ఒక్కరే చేసుకునేవాళ్ళకి ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు.

కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ ఆ లెక్కని సరిచేసుకునే పద్ధతులే. ఉదాహరణలు చీరలవి, మీరు పచ్చళ్ళు అమ్మినా, ఆన్‌లైన్‌లో సంగీతం క్లాసులు చెప్పినా కొంచెం అటూ ఇటూగా పనికొస్తాయి.

1. ముందు డబ్బు సంగతి తేల్చుకోండి

ఉత్సాహం గురించి అడిగితే డబ్బుతో మొదలెట్టిందేంటి అనుకోకండి. రాత్రి నిద్ర పట్టనివ్వని టెన్షన్ చాలావరకు డబ్బుదే, పగలు దాన్ని "మూడ్ బాలేదు" అని పిలుస్తాం, అంతే.

ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఈ వ్యాపారంలో ఎంత పెట్టగలరు, అందులో ఎంత పోయినా ఇల్లు గడుస్తుంది, ఎప్పటి దాకా చూస్తారు. ఇంట్లోవాళ్ళకి కూడా చూపించండి. బంగారం తాకట్టు పెట్టి సరుకు తెచ్చుకుంటే మాత్రం బీరువాలో కదలని ప్రతి చీర మీదా వడ్డీ కనిపిస్తుంది, ఆ స్థితిలో ఎన్ని మోటివేషన్ వీడియోలు చూసినా పని చేయవు. మొదటి సంవత్సరం ఆ పని వద్దు.

తర్వాత ఒక్క చీర లెక్క వేయండి. ఉదాహరణకి మగ్గం దగ్గర 1,100కి తెచ్చి, కొరియర్ ఖర్చు మీరే పెట్టుకుని, 1,500కి అమ్మారనుకుందాం. కొరియర్‌కి 90, కవరూ లేబులూ 20, ఊరెళ్ళి సరుకు తెచ్చిన ఖర్చులో ఈ చీర వాటా 40 తీసేస్తే మీకు మిగిలింది 250. నెలకి 40 చీరలు పోతే పది వేలు. చిన్న లెక్కే, కానీ ఇది గోడ మీద ఉంటే "ఇంత కష్టపడుతున్నా ఏమీ మిగలట్లేదు" అన్న ఏడుపు "ఇంకో పదిహేను చీరలు కదలాలి" అన్న పనిగా మారుతుంది. అదే చీర క్యాష్ ఆన్ డెలివరీలో వెళ్ళి, వాళ్ళు తలుపు తీయక వెనక్కి వచ్చిందనుకోండి, రానూపోనూ కొరియర్ 180, కవరు 20 పోయాయి. ముప్పావు చీర లాభం పైనే ఎగిరిపోయింది, పైగా ఆ చీర రెండు మూడు వారాలు దారిలోనే ఉండిపోయింది. చిన్నగా చేసేవాళ్ళు క్యాష్ ఆన్ డెలివరీ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి, బీపీ కూడా తగ్గుతుంది.

ఇంకొకటి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకుని, ప్రతి ఒకటో తారీఖున అందులోంచి మీ సొంత ఖాతాకి జీతం వేసుకోండి. రెండు వేలైనా సరే. డబ్బంతా సరుకులోనే తిరుగుతూ ఉంటే ఆరు నెలలు పని చేసినా చేతికి ఏమీ వచ్చినట్టు ఉండదు, ఇంట్లోవాళ్ళకీ అలాగే కనిపిస్తుంది.

2. నోట్‌బుక్‌లో రెండు పేజీలు

ఎడమ పేజీలో మీ చేతిలో ఉన్న పనులు: ఇవాళ ఎన్ని చీరలకి ఫోటోలు తీశాను, రీల్ పెట్టానా, పాత కస్టమర్లలో ఎంతమందిని పలకరించాను, పార్సిళ్ళు వేళకి వెళ్ళాయా. కుడి పేజీలో మీ చేతిలో లేనివి: ఎంక్వయిరీలు, ఆర్డర్లు, వాపసులు, ఫాలోవర్లు. ఎడమ పేజీ రోజూ నింపండి. కుడి పేజీ వారానికోసారి, ఆదివారం సాయంత్రం చాలు.

రోజు బాగా గడిచిందా లేదా అన్నది ఎడమ పేజీని బట్టే తేల్చుకోవాలి. ఆరు ఫోటోలు తీసి, ముగ్గురు పాత కస్టమర్లతో మాట్లాడి, ఒక్క ఆర్డరూ రాలేదంటే ఆ రోజు మీ పని అయిపోయింది, హాయిగా పడుకోండి. తిరగేసి కూడా చూడాలి మరి, ఏ పనీ చేయకుండా పాత రీల్ వల్ల ఐదు ఆర్డర్లు వచ్చిన రోజు గొప్ప రోజేమీ కాదు.

ఎడమ పేజీలో అన్నిటికన్నా ముందు పాత కస్టమర్ల వరస ఉండాలి. కొత్త ఫాలోవర్ల వెంట పడి అలిసిపోయేవాళ్ళకి ఈ మాట రుచించదు. కానీ ఒకసారి చీర కట్టుకుని, నాలుగు ఉతుకులయ్యాక కూడా రంగు నిలిచిందని చూసుకున్న ఆవిడకి మళ్ళీ అమ్మడం ఎంతో తేలిక. "పోయినసారి తీసుకున్న వంకాయ రంగు చీర ఎలా ఉందండీ, ఉతికాక బాగుందా?" అని అడగండి, కొనమని అడగకండి. ఆర్డర్ రాకపోయినా ఒక ఫోటో వస్తుంది, మీ చీర కట్టుకుని గృహప్రవేశంలో నిలబడ్డ ఫోటో. డల్‌గా ఉన్న రోజు అలాంటిది ఒకటి వస్తే చాలు, ఆ పూటకి సరిపడా ఊపు ఉంటుంది.

3. ఇంగ్లీషు నెలలు పక్కన పెట్టి పంచాంగం చూడండి

ఇది ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. చీరల వ్యాపారం జనవరి, ఫిబ్రవరి లెక్కన నడవదు. మాఘం, ఫాల్గుణంలో పెళ్ళిళ్ళు, తర్వాత ఉగాది, ఎండాకాలం వచ్చిందంటే కాటన్. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెద్ద షాపులు డిస్కౌంట్ బోర్డులు పెడతాయి, జనం అటు పోతారు. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, నోములు, ముత్తైదువలకి పెట్టే పెట్టుబడి చీరలు. భాద్రపదం రెండో సగం పితృపక్షాలు, కొత్త బట్టలు కొనడానికి చాలా ఇళ్ళల్లో వెనకాడతారు. ఆ తర్వాత దసరా, దీపావళి, కార్తీకం. ధనుర్మాసంలో పెళ్ళి కొనుగోళ్ళు ఆగి, సంక్రాంతి ముందు మళ్ళీ కదులుతాయి. మధ్యలో మూఢం వస్తే పెళ్ళిళ్ళతో పాటు పెళ్ళి చీరలూ ఆగుతాయి.

ఇప్పుడు చెప్పండి, ఆషాఢం మూడో వారంలో ఫోన్ మోగకపోతే మీ తప్పా? ఫోటోలు బాలేదా, రేటు ఎక్కువైందా, పేజీ పేరు మార్చాలా అని ఆ వారంలోనే తల బద్దలు కొట్టుకుంటారు. ఆ వారం తీసుకునే నిర్ణయాలు చాలావరకు చెత్త నిర్ణయాలు, భయంతో రేట్లు దించేస్తారు, శ్రావణంలో మళ్ళీ పెంచితే "మొన్న 1,200కే ఇచ్చారుగా" అని పాత కస్టమరే నిలదీస్తుంది.

అధిక మాసం వచ్చిన ఏడాది ఇంకా తిరకాసు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. ముందు అధిక శ్రావణం, పండగలన్నీ ఆగస్టు 17 తర్వాత మొదలైన నిజ శ్రావణంలో. 2022 ఆగస్టు మొదటి రెండు వారాలతో 2023 ఆగస్టు మొదటి రెండు వారాలు పోల్చుకుంటే వ్యాపారం పడిపోయినట్టే కనిపిస్తుంది, నిజానికి పండగ వెనక్కి జరిగిందంతే. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు, మే 17 నుంచి జూన్ 15 దాకా అధికం. అందుకని ఈ ఏడాది శ్రావణాన్ని పోయిన శ్రావణంతోనే పోల్చండి, ఆగస్టుని ఆగస్టుతో కాదు.

మీ కస్టమర్లు ఎక్కడివాళ్ళన్నది కూడా చూసుకోవాలి. తెలంగాణవాళ్ళు ఎక్కువుంటే పితృపక్షాల్లోనూ కొంత కదలిక ఉంటుంది, ఎంగిలిపూల బతుకమ్మ మహాలయ అమావాస్య నాడే మొదలవుతుంది కాబట్టి చీర, బ్లౌజు అంతకుముందే రెడీ అవ్వాలి. అమెరికా పార్సిళ్ళు అయితే పండగకి చాలా ముందే బయల్దేరాలి.

ఒక పెద్ద క్యాలెండర్ కొని, డల్ రోజులన్నీ పెన్సిల్‌తో గీత గీసి, వాటిలో చేయాల్సిన పనులు ఇప్పుడే రాసేయండి. ఆషాఢంలో నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళి శ్రావణం సరుకు మాట్లాడుకోవచ్చు, అయితే వానలు గట్టిగా పడితే గుంట మగ్గాల్లో చెమ్మ చేరి నేత ఆగుతుంది, ఆ ఆలస్యం కూడా కలుపుకునే తేదీలు చెప్పుకోండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. మగ్గం మీద తీసిన వీడియోలు ఆ వారం పెట్టడానికి ముందే దాచుకోండి. మంగళగిరి చీరలకి పేరు తెచ్చిన నిజాం అంచు ఎలా నేస్తారో చూపించే అరనిమిషం వీడియో, "ఆఫర్ ఆఫర్" అని అరిచే పది పోస్టుల కన్నా నయం.

4. ఫోన్‌కి కళ్ళెం

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు చాలా ప్రసిద్ధం. బటన్‌ని పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలేసినప్పుడే పొడుస్తుంది, ఎప్పుడు పడుతుందో తెలియకుండా చేస్తే ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది, గింజలు రావడం ఆగిపోయినా చాలాసేపు వదలదు. వాట్సాప్ తెరిచి, మూసి, రెండు నిమిషాలకి మళ్ళీ తెరిచే మన పరిస్థితి అచ్చం అదే. పని చేసినట్టు ఉంటుంది, సాయంత్రానికి ఒళ్ళు అలిసిపోతుంది, ఒక్క ఫోటో కూడా తీసి ఉండం.

రోజుకి మూడు పూటలు పెట్టుకోండి, పొద్దున పది, మధ్యాహ్నం మూడు, రాత్రి ఎనిమిది, ఒక్కో పూట అరగంట నలభై నిమిషాలు. మిగతా టైములో నోటిఫికేషన్లు ఆఫ్. వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్‌గా వెళ్ళే "అవే" (Away) మెసేజ్ ఉంటుంది, అందులో ఆ టైములు రాసేయండి. ఆర్డర్లు పోతాయేమో అని భయం వేస్తుంది మొదట్లో. చీర కావాల్సినవాళ్ళు రెండు మూడు గంటలు ఆగుతారు, ఆగనివాళ్ళు ఎలాగూ పది పేజీల్లో అడుగుతున్నవాళ్ళే.

ధర పోస్టులోనే రాయండి. "ప్రైస్ ప్లీజ్"కి డీఎంలో జవాబివ్వడం పెద్ద పేజీలకి కుదురుతుందేమో, ఒక్కరే ఉన్నచోట అది గొంతు పిసికే పని.

ఇక హోల్డ్ బేరాలు. ఈ సంభాషణ మీకు బాగా తెలిసే ఉంటుంది:

"ఈ మెరూన్ చీర ఉందా అండి?"
"ఉందండి."
"నాకే హోల్డ్ చేయండి, సాయంత్రం మావారు రాగానే ఫోన్‌పే చేస్తా."

సాయంత్రం అయింది, రాత్రి అయింది, బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఈలోపు ఆ చీరే కావాలని అడిగిన ఇంకో ఆవిడకి లేదని చెప్పేశారు. మర్నాడు మధ్యాహ్నం "సారీ అండి, అమ్మ వద్దంది." మనిషిని కుంగదీసేవి పెద్ద నష్టాలు కాదండీ, ఇలాంటివే, వారానికి నాలుగు. దీనికి మనసు గట్టి చేసుకోవడం మందు కాదు, రూలు పెట్టుకోవడం మందు: "హోల్డ్ రెండు గంటలు మాత్రమేనండి, ఆ తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం." క్విక్ రిప్లైలో దాచుకుని ఒక్క నొక్కుతో పంపండి. ప్రతిసారీ కొత్తగా టైప్ చేస్తే ప్రతిసారీ కోపం వస్తుంది, దాచుకున్న జవాబుకి రాదు.

5. ఇంట్లో మీ పనికి ఒక వేళ

ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ సిలిండర్ వాడొస్తే తీసుకో, పిల్లాణ్ణి తీసుకురా, పెద్దమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళు. షట్టర్ తీసే షాపైతే ఎవరూ ఇలా అడగరు. కాబట్టి మీకూ షట్టర్ లాంటిది ఒకటి కావాలి. పదకొండు నుంచి రెండు దాకా షాపు టైం అని ఇంట్లో చెప్పి, ఆ మూడు గంటలు తలుపు వేసుకోండి. మొదటి వారం నవ్వుతారు. రెండో వారం అత్తగారే ఫోన్‌లో "తను ఇప్పుడు షాపులో ఉంది, రెండింటికి చెయ్యి" అంటారు. నైటీలోనే కూర్చోకుండా స్నానం చేసి మీరు అమ్మే చీరల్లోంచే ఒకటి కట్టుకుని కూర్చుంటే ఫోటో కూడా అయిపోతుంది.

ఆ మూడు గంటల్లో మొదటిది కష్టమైన పనికి, అంటే ఫోటోలకి, పగటి వెలుతురు ఉండగానే. ట్యూబ్‌లైట్ కింద తీసిన రంగు కస్టమర్ చేతికి వెళ్ళేసరికి వేరేలా ఉంటుంది, అది రేపటి గొడవ.

6. ఏమీ చేయబుద్ధి కాని రోజు

అలాంటి రోజులు వస్తాయి, వాటికోసం బుర్ర అక్కర్లేని పనుల జాబితా ముందే రాసి పెట్టుకోండి. లేబుళ్ళు కత్తిరించడం, కవర్లు సర్దడం, చీరల మడతలు మార్చడం, అడ్రసులు ఎక్సెల్‌లోకి ఎక్కించడం. పావుగంట చేసి చూడండి, ఒక్కోసారి అక్కణ్ణుంచి పని అందుకుంటుంది, అందుకోకపోతే ఆపేసి పడుకోండి, నేరమేం కాదు.

వాయిదా పడుతూ వచ్చే కాగితం పనులు కూడా ఇలాంటి రోజుల్లోనే అవ్వాలి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ సైట్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలావరకు మీరే చేసుకోవచ్చు. దానికి డబ్బులు కట్టమనే సైట్లు గూగుల్‌లో పైనే కనిపిస్తాయి, చూసుకోండి. జీఎస్టీ గురించి మాత్రం ఎవరో గ్రూపులో చెప్పింది నమ్మకుండా ఒక ఆడిటర్‌తో అరగంట కూర్చోండి. ఏళ్ళ తరబడి మోసే భయం ఆ అరగంటలో తీరిపోతుంది.

7. తిట్లు, వాపసులు

"ఫోటోలో ఒక రంగు, పంపింది ఒక రంగు, మోసం చేస్తున్నారు." రాత్రి పదకొండింటికి ఈ మెసేజ్ చూస్తే ఇక నిద్ర ఉండదు. అందుకే రాత్రి ఎనిమిది పూట తర్వాత చూడొద్దన్నాను. చూసేసినా సరే, జవాబు పొద్దున్నే. ప్యాక్ చేసేటప్పుడు చీర విప్పి అంచు, కొంగు, బ్లౌజు ముక్క కనిపించేలా ఒక చిన్న వీడియో తీసి కస్టమర్‌కి పంపాకే కవరు అంటించండి. సగం గొడవలు అక్కడే ఆగుతాయి, వచ్చిన గొడవలో కూడా మీ మీద మీకు అనుమానం లేకుండా మాట్లాడగలుగుతారు. తప్పు మీదైతే వెంటనే డబ్బు వెనక్కి ఇచ్చి, నోట్‌బుక్‌లో కారణం ఒక్క ముక్కలో రాసి వదిలేయండి. అవతలివాళ్ళదైతే ఒకే ఒక్కసారి మర్యాదగా చెప్పండి, వాదన పెంచితే ఆ పూట మొత్తం పోతుంది.

8. ఒంటరిగా చేయొచ్చు, ఒంటరిగా ఉండకూడదు

ఇంట్లోవాళ్ళకి వ్యాపారం గోడు చెప్పుకుంటే నాలుగో రోజుకి "మానెయ్యరాదూ" అంటారు. వాళ్ళది ప్రేమే, కానీ మీకు కావాల్సింది ఇదే పని చేసే ఇద్దరు మనుషులు. చీరలే అమ్మాలని లేదు, ఒకరు పచ్చళ్ళు, ఒకరు చెక్కబొమ్మలు అమ్మినా పర్లేదు. వారానికోసారి అరగంట ఫోన్, ఈ వారం ఏం చేశాం, వచ్చే వారం ఏం చేస్తాం, అంతే. పోయిన వారం చేస్తానన్నది చేయకపోతే వాళ్ళ ముందు నోరు తెరవాలి కదా, ఆ మొహమాటం చాలా పనులు చేయిస్తుంది. హైదరాబాద్ దగ్గర్లో ఉన్న ఆడవాళ్ళైతే మహిళా వ్యాపారుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన వీ హబ్ ఉంది, అక్కడి కార్యక్రమాల వివరాలు కనుక్కోండి, అలాంటి మనుషులు అక్కడ దొరుకుతారు.

నెలకోసారైనా మగ్గాల దగ్గరికి వెళ్ళండి, సరుకు అవసరం లేకపోయినా సరే. తెరమీద లైకులు చూసి చూసి మొద్దుబారిన బుర్రకి, మగ్గం మీద పడుగు దారాల్లో కొత్త రంగు చూడటం మంచి మార్పు. పెద్ద పేజీల లైవ్‌లు మాత్రం రాత్రిపూట చూడకండి. అక్కడ కెమెరా వెనక ఆరుగురు ఉంటారు, మీరు ఒక్కరే.

9. ఆగిపోవడానికీ ఒక తేదీ

మొదట రాసిన కాగితంలో "ఎప్పటి దాకా" అని ఉందిగా, ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఒక శ్రావణం, ఒక దసరా, ఒక సంక్రాంతి, ఒక పెళ్ళిళ్ళ సీజన్, మొత్తం ఒక ఏడాది తిరగకుండా ఈ వ్యాపారం మీద తీర్పు చెప్పలేం. ఆ తేదీ దాకా "మానేయాలా వద్దా" అన్న ప్రశ్న మూసేయండి, రోజూ ఉదయం అదే ప్రశ్నతో లేస్తే శక్తంతా దానికే పోతుంది. ఆ రోజు వచ్చాక మాత్రం నోట్‌బుక్ తెరిచి నిజాయితీగా చూడండి: ఎడమ పేజీ నిండుగా ఉందా? ఉండి కూడా పాత కస్టమర్లు తిరిగి రాలేదంటే సరుకులోనో ధరలోనో తేడా ఉంది, మార్చి ఇంకో ఆరు నెలలు చూడొచ్చు. తిరిగి వస్తున్నారు కానీ కొత్తవాళ్ళు తక్కువంటే కొనసాగించాల్సిందే. ఎడమ పేజీయే ఖాళీగా ఉందంటే ఈ పని మీకు ఇష్టం లేదేమో, ఉన్న సరుకు కొన్న ధరకి అమ్మేసి బయటపడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక్క సంగతి వేరుగా చెప్పాలి. వ్యాపారం బాగున్నా బాగోకపోయినా వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోవడం ఉంటే అది మోటివేషన్ సమస్య కాదు. మానసిక ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416, ఉచితం, రోజంతా పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ సమయంలో పేజీకి "కొద్దిరోజులు విరామం" అని ఒక పోస్టు పెట్టి, చేతిలో ఉన్న పార్సిళ్ళు పంపేసి, కొత్త ఆర్డర్లు ఆపేయండి. మీ చీర నచ్చినవాళ్ళ నంబర్లు మీ దగ్గరే ఉంటాయి, కోలుకున్నాక వాళ్ళతోనే మళ్ళీ మొదలుపెట్టొచ్చు.